తిరుపతిలో ఇంటికొచ్చే నర్సింగ్ సర్వీసు: కామెర్ల మనిషిని ఇంట్లో ఉంచి చూసుకునేవాళ్ల కోసం

సిస్టర్‌కి ఐదు నక్షత్రాలు. రక్తం తీసుకెళ్లే విభాగానికి రెండు. ఫోన్లో మాట్లాడే ఆఫీసువాళ్లకి ఒకటి. అన్నిటికీ కలిపి ఒకే మార్కు వెయ్యాలి కాబట్టి మూడు వేశాను. కానీ ఆ మూడు చూసి ఎవరూ నిర్ణయం తీసుకోకండి. ఈ సర్వీసులో ఒక పని చాలా గొప్పగా జరుగుతోంది, ఇంకో పని ప్రమాదకరంగా జరుగుతోంది. రెండూ తెలిశాకే పిలవండి.

మాది బైరాగిపట్టెడ. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నవంబరు వానలు తగ్గాక మా తమ్ముడికి కామెర్లు వచ్చాయి. రేణిగుంట వైపు ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో షిఫ్టు పని వాడిది. ముందు జ్వరం, వాంతులు, అన్నం చూస్తేనే వికారం. తర్వాత మూత్రం డికాషన్ రంగుకి తిరిగింది. ఆ తర్వాతే కళ్లు పచ్చబడ్డాయి. డాక్టరు గారు చూసి, తాగింది కడుపులో నిలుస్తోంది, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష 1.2 ఉంది, అడ్మిషన్ అక్కర్లేదన్నారు. ఇంట్లోనే ఉంచి వారానికి రెండుసార్లు రక్తపరీక్ష చేయించమన్నారు. ఇంట్లో అమ్మ, నేను, మా ఆయన, ఏడో నెల కడుపుతో ఉన్న మా మరదలు. పగలంతా వాడిని చూసుకోవడానికి మిగిలేది డెబ్బై దాటిన అమ్మ, కడుపుతో ఉన్న అమ్మాయి. అందుకే ఈ సర్వీసుకి ఫోన్ చేశాం.

ఫోన్ ఎత్తగానే "కామెర్ల ప్యాకేజీ ఉంది మేడం" అన్నారు. రోజూ గ్లూకోజ్ సెలైన్, లివర్‌కి బలం ఇంజెక్షన్లు, నర్సు, అన్నీ కలిపి ఒక రేటు. నేను అడిగింది రెండు రోజులకోసారి నర్సు వచ్చి చూసి వెళ్లడం, డాక్టరు రాసిన పరీక్షలకి రక్తం తీయడం. "సెలైన్ పెడితే తొందరగా దిగిపోతుంది మేడం" అని మళ్లీ మళ్లీ అన్నారు. ఏ డాక్టరు రాశారు అని అడిగితే జవాబు లేదు. నోటితో తాగి నిలుపుకోగలిగే మనిషికి సెలైన్ ఎక్కించినందువల్ల కామెర్లు త్వరగా తగ్గవు. నీళ్లతో వచ్చి కాలేయానికి సోకే హెపటైటిస్ ఏ (A), ఈ (E) వైరస్‌ల విషయంలో చాలామందికి ప్రత్యేకమైన మందే అక్కర్లేదు, కాలేయం తనంతట తానే కోలుకుంటుంది. కోలుకునేదాకా మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. కోలుకోని ఆ కొద్దిమందిని మాత్రం ఆలస్యం కాకుండా గుర్తుపట్టాలి. ఇంటికొచ్చే సర్వీసుకి మనం డబ్బు ఇవ్వాల్సింది ఆ కనిపెట్టుకోవడానికే. పట్టుపట్టి విడి విజిట్లు తీసుకున్నాను. విజిట్‌కి 700, శాంపిల్ తీసుకెళ్లడానికి 150, పరీక్షల ఖర్చు వేరే.

ఇక సిస్టర్ గురించి. మొదటిరోజు వచ్చి సబ్బుతో చేతులు కడుక్కుని, తమ్ముడి మంచం పక్కన కూర్చుని, ఒక నోటుబుక్కు అడిగింది. వాడి చేత తేదీ వేయించి, వాడి పేరు, ఊరు పేరు రాయించి సంతకం పెట్టించింది. తర్వాత వందలోంచి ఏడు తీసేస్తూ లెక్క చెప్పమంది. చేతులు రెండూ ముందుకు చాపి, మణికట్లు పైకి వంచి, వేళ్లు విడదీసి కాసేపు అలాగే ఉంచమంది. రాత్రి నిద్ర ఎలా పడుతోంది, పగలు మగతగా ఉంటున్నాడా, మాట తీరు ఏమన్నా మారిందా అని అమ్మని అడిగింది. వచ్చిన ప్రతిసారీ ఇదే వరస. అమ్మకి ఇదంతా వింతగా తోచింది, "ఏం మా, వీడికేం పిచ్చి పట్టిందా, లెక్కలు అడుగుతావుండావు?" అంది. సిస్టర్ ఓపికగా చెప్పింది: "లివర్ బాగా దెబ్బ తింటే ముందు మెదడుకి తెలుస్తాది పెద్దమ్మా. రాత్రంతా మేలుకొని పగలు నిద్రపోతారు, చేతిరాత మారిపోతాది, చేతులు చాపితే అల్లాడతాయి. అది కనపడితే నాకు ఫోన్ చేసేదానికి కూడా ఆగొద్దండి, నేరుగా ఆసుపత్రికి పొండి."

నేను పిల్లలకి పాఠంలో చెప్పేది ఇదే. పేగుల్లో తయారయ్యే అమ్మోనియాను యూరియాగా మార్చి విరిచేసేది కాలేయం. అది చేతులెత్తేస్తే అమ్మోనియా, దానితో పాటు ఇంకొన్ని విషాలు రక్తంలో మెదడు దాకా వెళ్తాయి. పాఠం చెప్పడం వేరు, దాన్ని ఒక నోటుబుక్కులో సంతకంగా మార్చి, చదువురాని అమ్మ కూడా రోజూ పోల్చి చూసేటట్టు చేయడం వేరు. సిస్టర్ రాని రోజుల్లో కూడా అమ్మే వాడి చేత రాయించి, నిన్నటి గీతలూ ఈరోజు గీతలూ పక్కపక్కన పెట్టి చూసేది. ఐదు నక్షత్రాలు అందుకే ఇచ్చాను.

రక్తం తీసే విభాగం దగ్గరికి వస్తే కోపం వస్తుంది. నింపాదిగానే రాస్తాను.

మొదటిసారి వచ్చిన అబ్బాయి గ్లౌజులు వేసుకోలేదు. రక్తం తీశాక సూదికి మళ్లీ మూత తొడిగి జేబులో వేసుకున్నాడు. రక్తం అంటిన దూదిని మా వంటింటి చెత్తబుట్టలో వేశాడు. అప్పటికి తమ్ముడికి వచ్చింది ఏ వైరస్సో మాకు తెలియదు, ఆ పరీక్షలకే రక్తం ఇస్తున్నాం. హెపటైటిస్ ఏ (A), ఈ (E) అయితే నోటి ద్వారా వచ్చేవి. బి, సి అయితే రక్తం ద్వారా వచ్చేవి. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట, ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. సూదికి మూత మళ్లీ తొడిగేటప్పుడే చాలామందికి గుచ్చుకుంటుంది. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులు గుచ్చుకోని గట్టి తెల్లడబ్బాలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో వెళ్లాలి. ఆ అబ్బాయి దగ్గర ఆ డబ్బా లేదు, ఆ సంచి లేదు. ఇరవై ఏళ్ల పిల్లవాడు, రోజంతా ఊళ్లో బండి మీద తిరుగుతాడు. వాడికి హెపటైటిస్ బి టీకా వేయించారా అని ఆఫీసుని అడిగాను. ఇప్పటికీ చెప్పలేదు. నా కోపం ఆ అబ్బాయి మీద కాదు, డబ్బా ఇవ్వకుండా వాడిని బయటికి పంపిన వాళ్ల మీద.

రెండో విషయం ఇంకా పెద్దది. తర్వాతి వారం రిపోర్టులో ఐఎన్ఆర్ 1.9 అని వచ్చింది. 1.2 నుంచి 1.9. ఇది ఎందుకంత భయపెట్టే సంగతో చెప్పాలి. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్లలో ఎక్కువ భాగం కాలేయమే చేస్తుంది. వాటిలో ఏడో ఫ్యాక్టర్ రక్తంలో కొన్ని గంటల్లోనే సగానికి సగం తరిగిపోతుంది. అంటే కాలేయం ఈరోజు పని మానేస్తే రేపటికల్లా ఐఎన్ఆర్‌లో తెలుస్తుంది. కాలేయమే చేసే ఇంకో ప్రోటీన్ ఆల్బుమిన్ సగం తరగడానికి సుమారు ఇరవై రోజులు పడుతుంది కాబట్టి అది ఇప్పటి సంగతి చెప్పదు. ఇంట్లో అందరం చూసేది కళ్లని పచ్చగా మార్చే బిలిరుబిన్ ఎంత అని. అది నెమ్మదిగా పెరిగి, నెమ్మదిగా దిగుతుంది. వేలల్లో ఉన్న ఎస్‌జీపీటీ దిగితే సంతోషిస్తాం గానీ, అది దెబ్బతిన్న కణాల్లోంచి రక్తంలోకి కారే ఎంజైము. కణాలు కోలుకున్నా దిగుతుంది, కారడానికి కణాలే మిగలకపోయినా దిగుతుంది. అందుకే డాక్టర్లు ముందుగా ఐఎన్ఆర్, మనిషి తెలివి చూస్తారు. ఐఎన్ఆర్ 1.5 దాటి, మనిషి తికమకపడుతుంటే అది కాలేయం ఫెయిలవుతోందన్న గుర్తు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరం తిండి తినలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఆటో పిలవబోతూ సిస్టర్‌కి ఫోన్ చేశాను. ఆమె రెండు ప్రశ్నలు అడిగింది. సంతకం ఎలా ఉంది? బాగానే ఉంది. నీలం మూత ట్యూబు నిండా రక్తం తీశాడా? అది నేను చూడలేదు, మరదలు చూసింది. సగమే వచ్చింది, ఇంకోసారి గుచ్చుతానంటే తమ్ముడు వద్దన్నాడట. సిస్టర్ అప్పుడు చెప్పింది, నీలం మూత ట్యూబులో గడ్డకట్టకుండా సిట్రేట్ ద్రవం ముందే పోసి ఉంటుంది. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ లెక్కన గీత దాకా నిండాలి. సగమే నింపితే సిట్రేట్ ఎక్కువైపోయి, రక్తం గడ్డకట్టడం ఆలస్యమై, ఐఎన్ఆర్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. "అయినా ఇంట్లో ఉండొద్దు మేడం. ఆసుపత్రికే పోయి అక్కడే మళ్లీ తీయించండి" అంది. వెళ్లాం. అక్కడ 1.2.

సగం నిండిన ట్యూబును ల్యాబు తిప్పి పంపాలి. గీత కిందికి ఉంటే తీసుకోకూడదన్నది ఆ పని చేసేవాళ్లందరికీ తెలిసిన నియమం. ఇక్కడ తీసిన అబ్బాయీ ఆగలేదు, తీసుకున్న ల్యాబూ ఆగలేదు, రిపోర్టు మీద సంతకం పెట్టినవాళ్లూ ఆగలేదు. మాకు ఎక్కువ చూపించింది కాబట్టి భయంతోనే పోయింది. పొరపాటు అటు తిరిగి తక్కువ చూపిస్తే? బిలిరుబిన్‌కి ఆ ప్రమాదం ఉంది. వెలుతురు తగిలితే బిలిరుబిన్ విరిగిపోతుంది, పుట్టిన పిల్లలకి కామెర్లు వస్తే లైటు కింద పెట్టేది ఆ గుణాన్ని వాడుకునే. ట్యూబులను బండి ముందు తగిలించిన పారదర్శకమైన సంచిలో వేసుకుని, తిరుపతి ఎండలో ఇంకో నాలుగిళ్లు తిరిగి ల్యాబుకి చేరిస్తే, ఉన్నదానికంటే తక్కువ అంకె రావచ్చు. ఫిర్యాదు చేశాక ఆ టెస్టు డబ్బు వెనక్కి ఇచ్చారు. నల్లసంచి, ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బా కూడా తర్వాత కనిపించాయి. సూదుల డబ్బా మాత్రం కనిపించలేదు.

వైరస్ పరీక్షల్లో బి లేదు, సి లేదు, ఏ లేదు. హెపటైటిస్ ఈ పాజిటివ్. మాకు అసలు గుబులు అప్పుడు మొదలైంది. మామూలు ఆరోగ్యవంతుల్లో తగ్గిపోయే ఈ జబ్బు, గర్భిణికి చివరి మూడు నెలల్లో సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మరదలి పుట్టిల్లు పాకాల. వాళ్ల నాన్న ఆ సాయంత్రమే కారు తీసుకుని వచ్చేశారు, అమ్మాయిని తీసుకెళ్లిపోతానని. సిస్టర్ ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడింది. హెపటైటిస్ ఈ ఎక్కువగా కలుషితమైన నీటితో వస్తుంది, మనిషి నుంచి మనిషికి రావడం అంత మామూలు కాదు. కాబట్టి అల్లుడి పక్కన కూర్చుందన్న దానికంటే అల్లుడు తాగిన నీళ్లే అమ్మాయి కూడా తాగిందా అన్నది పెద్ద ప్రశ్న. వైరస్ లోపలికి వెళ్లాక జబ్బు బయటపడటానికి రెండు నుంచి పది వారాలు పడుతుంది. "పాకాల తీసుకుపోయినంత మాత్రాన భయం తీరదు అయ్యా. ముందు కాన్పు డాక్టరుకి చూపించి రక్తం ఇప్పించండి. ఆ తర్వాత ఎక్కడున్నా కాచిన నీళ్లే తాగాల, కళ్లు, మూత్రం రంగు రోజూ చూసుకోవాల, డాక్టరు చెప్పినప్పుడల్లా మళ్లీ పరీక్ష చేయించుకోవాల." అలాగే చేశాం. పరీక్ష బాగానే వచ్చింది, పాకాల వెళ్లింది, అక్కడి నుంచి మళ్లీ మళ్లీ చూపించుకుంటోంది.

మా ఇంటి నీళ్ల సంగతి కూడా సిస్టరే తవ్వింది. సంపు మూత తీయించింది. మురుగు కాలవ దానికి జానెడు దూరంలో ఉంది, వానలకి గోడ పక్కన తడి ఊరుతోంది. తాగేది క్యాను నీళ్లే గదా అన్నాం. పళ్లు తోముకునేది, కూరగాయలు కడిగేది, గిన్నెలు తొలిచేది సంపు నీళ్లతోనే. తమ్ముడికి ఇక్కడే వచ్చిందో, ఫ్యాక్టరీ దగ్గర వచ్చిందో తేల్చలేం. సంపు కడిగించాం, కాలవ వైపు గోడ బాగుచేయించాం. చేతులకి శానిటైజర్ చాలదని కూడా ఆమే చెప్పింది, పైన కొవ్వు పొర లేని ఇలాంటి వైరస్‌లను ఆల్కహాల్ సరిగా చంపలేదు, సబ్బుతో రుద్ది కడుక్కోవాలి.

నీళ్ల విషయంలో ఢిల్లీ పెద్ద పాఠం. 1955 చివర, 1956 మొదట్లో యమున నీటిలో మురుగు కలిసి, ఆ నీళ్లు కుళాయిల్లోకి వచ్చి, 29,000 మందికి పైగా కామెర్లు వచ్చాయి. అప్పట్లో అది హెపటైటిస్ ఏ అనుకున్నారు. దాచి ఉంచిన రక్తాన్ని 1980 ప్రాంతంలో పరీక్షిస్తే ఏ కాదని తేలింది. ఇప్పుడు హెపటైటిస్ ఈ (E) అంటున్న ఆ వైరస్‌ను చూసింది సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ బలాయన్. ఆఫ్ఘనిస్తాన్‌లో కామెర్లు వచ్చిన సైనికుల మలం నుంచి తీసిన ద్రవాన్ని తానే తాగి, జబ్బు తెచ్చుకుని, తన మలంలో ఆ కణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి 1983లో ప్రచురించాడు. ఒక మనిషి తన కాలేయాన్ని పణంగా పెట్టి గుర్తుపట్టిన వైరస్ ఇది. నాలుగు డబ్బులు మిగులుతాయని ఆ వైరస్ పరీక్ష మానేసి "ఏదో ఒక కామెర్లులే" అనుకునే ఇళ్లు మన ఊళ్లో చాలా ఉన్నాయి. ఇంట్లో గర్భిణి ఉంటే అసలు అలా చేయకండి.

తిండి దగ్గర అమ్మకీ సిస్టర్‌కీ గట్టి వాదనే జరిగింది. అమ్మ లెక్కలో కామెర్లంటే కఠిన పథ్యం. నూనె లేదు, పోపు లేదు, ఉప్పు లేదు, గుడ్డు మాట ఎత్తకూడదు, మజ్జిగన్నం, చెరకురసం, మంచం దిగకూడదు. సిస్టర్ ఏది తినాలనిపిస్తే అది కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టమంది. సాయంత్రానికి వికారం పెరుగుతుంది కాబట్టి పొద్దున్నే కడుపునిండా పెట్టమంది. ఇడ్లీ, పెసరపప్పు, సంగటి, ఉడికించిన గుడ్డు. బండి మీది చెరకురసం మాత్రం వద్దంది, ఆ ఐసు ఏ నీళ్లదో తెలియదు. మద్యం ఊసే వద్దు, జ్వరం మాత్ర కూడా డాక్టరుని అడగకుండా వద్దు.

ఇందులో సిస్టర్ వైపు పాత పరిశోధన ఒకటి ఉంది. కొరియా యుద్ధ కాలంలో కామెర్లు వచ్చిన అమెరికా సైనికులను థామస్ చామర్స్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు గుంపులుగా విడదీసి చూశారు. కొందరిని మంచం దిగనివ్వలేదు, కొందరిని భోజనం తర్వాత కాసేపు పడుకోమని మిగతా సమయం వాళ్ల ఇష్టానికి వదిలారు. ఫలితం 1955లో వచ్చింది. మంచానికి కట్టేసినందువల్ల వాళ్లకి ఒరిగిందేమీ లేదు. మాంసకృత్తులు ఎక్కువున్న తిండి వల్ల నష్టం కూడా జరగలేదు. డెబ్బై ఏళ్ల కిందట తేలిన విషయం ఇంకా మన వంటిళ్లలోకి రాలేదు. చప్పిడి తిండితో మనిషి కండ కరిగిపోతుంటే, ఆ నీరసాన్ని కూడా కామెర్ల ఖాతాలో వేస్తున్నాం.

పసరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాలో కామెర్లన్న ప్రతి ఇంట్లో ఆ మాట వస్తుంది. పీలేరు దగ్గర ఒకాయన ఆకు పసరు పోస్తాడని అమ్మ పట్టుపట్టింది. "ఎముకలు విరిగితే వేసే పుత్తూరు కట్టుకి ఎంత దూరం నుంచి వస్తారు జనం! ఇది మాత్రం పని చేయదా?" అంది. సిస్టర్ కసరలేదు. "పసరు తాగినోళ్లకీ తగ్గుతాది, తాగనోళ్లకీ తగ్గుతాది పెద్దమ్మా. తగ్గనోళ్లే ఆడ నాలుగు రోజులు పోగొట్టుకొని ఆలస్యంగా ఆసుపత్రికి వస్తారు" అంది. కామెర్ల పసర్లలో వాడే నేల ఉసిరిని శాస్త్రవేత్తలు పట్టించుకోలేదనేమీ కాదు. హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉండిపోయినవాళ్లకి ఆ పొడి ఇస్తే సగానికి పైగా మందిలో వైరస్ గుర్తు పోయిందని మద్రాసు పరిశోధకులు 1988లో లాన్సెట్‌లో రాశారు. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. అమ్మ మనసు పూర్తిగా ఒప్పుకోలేదు గానీ పీలేరు ప్రయాణం మానుకుంది. నా వల్ల కానిది సిస్టర్ చేసింది.

ఎవరికి ఈ సర్వీసు పనికొస్తుంది? డాక్టరు చూసి ఇంట్లో ఉండొచ్చన్న రోగికి, తినగలిగి తాగగలిగేవాళ్లకి. వాంతులు ఆగనివాళ్లని, మగతగా ఉన్నవాళ్లని, గర్భిణులని, ముందే లివర్ జబ్బున్నవాళ్లని ఇంట్లో పెట్టుకుని వీళ్లని పిలవకండి, రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రికి వెళ్లండి. పరీక్షలో బి, సి బయటపడితే వీళ్లు అమ్మే మందుల ప్యాకేజీ అసలు తీసుకోకండి. 2018 జులై 28న మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద వాటికి పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, అక్కడ అడగండి. విజిట్ బుక్ చేసేటప్పుడు "సెలైన్ వద్దు, నర్సు కావాలి" అని మెసేజ్‌లో రాసి పెట్టండి, లేకపోతే బిల్లులో ప్యాకేజీ వచ్చి కూర్చుంటుంది. మాకూ వచ్చింది, గొడవపడి తీయించాం. రక్తం తీసేటప్పుడు ఇంట్లో ఒకరు పక్కన నిలబడి నీలం మూత ట్యూబు గీత దాకా నిండిందో లేదో చూడండి.

తమ్ముడు ఇప్పుడు డ్యూటీకి వెళ్తున్నాడు. మరదలి కాన్పు తర్వాత తల్లీబిడ్డలని చూడటానికి అదే సిస్టర్ కావాలని అడిగాను. సూదుల డబ్బా, పసుపు సంచి తెస్తేనే గడప లోపలికి రానిస్తామని ఆఫీసుకి రాతపూర్వకంగా పంపాను. సిస్టర్ వస్తానంది. ఆఫీసు నుంచి జవాబు రావాలి. వచ్చాక ఈ రెండు నక్షత్రాలను మారుస్తాను.